220 నుంచి 180కి రెండు నిమిషాలు

ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనే ఆవిరి ఇంజను బాయిలర్ గేజు మీద గరిష్ఠ గీత 220 పీఎస్‌ఐ దగ్గర ఉంటుంది. ట్రెయిన్ సిమ్యులేటర్‌లో ఆ ఇంజనుకు పదకొండు పెట్టెలు తగిలించి, ఇంగ్లండులోని సెటిల్–కార్లైల్ లైన్లో ఎత్తు మొదలయ్యే చోట ఆవిరి ఖర్చును నిర్ణయించే రివర్సరు లీవరును 35 శాతం మీద పెట్టి వదిలేయండి. రెండు నిమిషాలు తిరిగేసరికి ముల్లు 180కి వచ్చేస్తుంది. 45 శాతం మీద పెడితే నిమిషం చాలు. అప్పుడు కంగారులో చాలామంది మూడు పనులు చేస్తారు. గబగబా బొగ్గు కుమ్మరిస్తారు, నీళ్లు తగ్గుతాయేమోనని బాయిలర్‌లోకి నీళ్లు పంపే ఇంజెక్టరు తిప్పుతారు, వేగం పడిపోతోందని రివర్సరును ఇంకా ముందుకు తోస్తారు. మూడూ ముల్లును ఇంకా కిందికి లాగేవే.

ఆవిరి ఇంజను ఆట అంటే బొగ్గు వేసే ఆట అని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూస్తే ఇది ముందు నీళ్ల ఆట, తర్వాతే బొగ్గు ఆట. గేజు మీది ముల్లు జరిగిపోయినదాన్ని చెబుతుంది. జరగబోయేది తెలియాలంటే పక్కనున్న గాజు గొట్టంలో నీటిమట్టం చూడాలి. ఈ కథనంలోని అంకెలన్నీ ఆ మాటకు రుజువులే.

220 పీఎస్‌ఐ అంటే బాయిలర్ లోపలి గోడ మీద ప్రతి చదరపు అంగుళానికీ 220 పౌండ్ల ఒత్తిడి. మన లెక్కలో చదరపు అంగుళానికి దాదాపు 100 కిలోలు. ఆ ఒత్తిడిలో నీరు 100 డిగ్రీలకు మరగదు, సుమారు 202 డిగ్రీల సెల్సియస్ దాకా ఆగుతుంది. 180 పీఎస్‌ఐ దగ్గరైతే 193 డిగ్రీలు. అంటే గేజు మీద 40 పీఎస్‌ఐ తేడా లోపలి నీటిలో 9 డిగ్రీల తేడాతో సమానం. ముల్లు అంత తొందరగా పడిపోవడానికి కారణం ఈ 9 డిగ్రీలే.

ఈ ఇంజను చరిత్రలో కూడా ఆ రెండు అంకెలూ కనిపిస్తాయి. 1923లో డాన్‌కాస్టర్ కార్ఖానాలో తయారైనప్పుడు ఇది ఏ1 తరగతి, బాయిలర్ ఒత్తిడి 180. 1947లో ఏ3గా మార్చినప్పుడు 220 అయింది. సిలిండర్ల వ్యాసం 20 అంగుళాల నుంచి 19కి తగ్గించినా లాగుడు బలం 29,835 పౌండ్ల నుంచి 32,910 పౌండ్లకు పెరిగింది. చిన్న సిలిండరుతో ఎక్కువ బలం రావడమంటే అంతా ఒత్తిడి మహిమే. ఆ లెక్కన ఏ3 ఇంజనును 180 దగ్గర నడిపితే బలం 27,000 పౌండ్ల దిగువకు వస్తుంది, పాత ఏ1 కన్నా తక్కువ. సిమ్యులేటర్‌లో ముల్లు 180కి పడ్డాక "ఇంజను లాగడం లేదు" అని విసుక్కునేవాళ్లు ఈ అంకె ఒకసారి చూడాలి.

ఇక బాయిలర్‌లో ఎంత ఆవిరి నిల్వ ఉంటుందో చూద్దాం. లెక్క కోసం లోపల 6 టన్నుల నీళ్లున్నాయనుకుందాం. మంట ఏమీ ఇవ్వకుండా, కొత్త నీళ్లు కలపకుండా, 220 నుంచి 180కి పడేదాకా ఆవిరి లాగితే వచ్చేది సుమారు 120 కిలోలు. అంతే! ఆరు టన్నుల నీళ్లు పెట్టుకుని 120 కిలోల ఆవిరి. అది ఎంతసేపు వస్తుందన్నది ఇంజను తిండిని బట్టి ఉంటుంది.

ఆ తిండిని నిర్ణయించేది రివర్సరు. పిస్టన్ ప్రయాణంలో ఎంత శాతం దాకా ఆవిరిని లోపలికి వదలాలో అది చెబుతుంది. దాన్నే కటాఫ్ అంటారు. 25 శాతం అంటే పిస్టన్ నాలుగో వంతు కదిలేదాకా ఆవిరి వస్తుంది, మిగతా ముప్పావు వంతు ఆ ఆవిరి వ్యాకోచమే నెడుతుంది. ఏ3లో మూడు సిలిండర్లు, ఒక్కోటీ 19 అంగుళాల వ్యాసం, 26 అంగుళాల పొడవు. పిస్టన్‌కు రెండు వైపులా ఆవిరి పనిచేస్తుంది కాబట్టి చక్రం ఒక్కసారి తిరిగితే ఆరు సిలిండర్లు నిండినట్టు. చక్రం ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో అది నిమిషానికి 130 సార్లు తిరుగుతుంది.

ఇప్పుడు గుణించండి. సిలిండర్లకు ఆవిరి వదిలే రెగ్యులేటరు పూర్తిగా తెరిచి, సందుల్లో పోయేదీ చల్లబడి నీరయ్యేదీ ఓ 20 శాతం కలిపితే, 25 శాతం కటాఫ్ దగ్గర ఇంజను నిమిషానికి దాదాపు 155 కిలోల ఆవిరి తాగుతుంది. 35 శాతం దగ్గర 220 కిలోలు. 45 శాతం దగ్గర 280 దాటుతుంది. మరి బాయిలర్ ఎంత ఇస్తుంది? బాగా కాలుతున్న మంటతో గంటకు 10 టన్నులు అనుకోండి, నిమిషానికి 165 కిలోలు. 25 దగ్గర ఆదాయం, ఖర్చు సరిపోతాయి. 35 దగ్గర నిమిషానికి 55 కిలోలు తక్కువ. నిల్వ 120 కిలోలు కదా, రెండు నిమిషాల్లో ఖాళీ. మొదట చెప్పిన రెండు నిమిషాలు ఇక్కడివే.

బయలుదేరేటప్పుడు రివర్సరు 70 శాతం మీద పెట్టడానికి కొందరు భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో చక్రం మెల్లగా తిరుగుతుంది కాబట్టి 70 శాతం దగ్గర కూడా ఖర్చు నిమిషానికి 90 కిలోలే. దాన్ని అక్కడే మరిచిపోయి వేగం 40కి చేరనిస్తే మాత్రం ఖర్చు నాలుగింతలై 350 కిలోలవుతుంది, బాయిలర్ ఇచ్చేదానికి రెట్టింపు పైన. వేగం పెరిగేకొద్దీ రివర్సరును వెనక్కి తెచ్చుకుంటూ రావాలని పాత డ్రైవర్లు చెప్పే మాట వెనకున్న లెక్క ఇంతే.

దీనికి అసలు రైల్వేలోనే ఒక పాఠం ఉంది. 1925లో రెండు బ్రిటిష్ రైల్వే కంపెనీలు ఇంజన్లు మార్చుకుని పరీక్షించాయి. గ్రేట్ వెస్టర్న్ వాళ్ల పెండెన్నిస్ కాజిల్ ఇంజను, ఏ1ల సొంత లైన్లోనే వాటికన్నా తక్కువ బొగ్గుతో పని చేసి చూపించింది. దాని బాయిలర్ ఒత్తిడి 225. తేడాలో ఎక్కువ భాగం మాత్రం వాల్వుల కదలికది. తక్కువ కటాఫ్‌లోనూ ఆవిరి సిలిండర్లోకి ధారాళంగా వచ్చిపోయేలా వాటిని కదిలించే వాల్వు గేరు ఉండేది. తర్వాత ఏ1ల వాల్వు గేరును కూడా ఆ దారిలో మార్చారు. మైలుకు సుమారు 50 పౌండ్లు కాలే బొగ్గు 40 లోపుకు దిగింది. బాయిలర్ అదే, మంట అదే. సిమ్యులేటర్‌లో అలాంటి పొదుపు చేతికిచ్చేది ఒక్క రివర్సరు లీవరే.

ఇక నీళ్ల దగ్గరికి వద్దాం. ఇంజను వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండరులోని నీళ్లు 15 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఒక కిలో నీటిని అక్కణ్ణుంచి 202 డిగ్రీలకు వేడెక్కించడానికి 800 కిలోజౌళ్లు కావాలి. దాన్నే ఆవిరిగా మార్చడానికి మరో 1,930. మొత్తం 2,730. అంటే మంట ఇచ్చే వేడిలో దాదాపు 29 శాతం కేవలం చన్నీళ్లు కాచడానికే పోతోంది. ఎసరు మరుగుతుండగా చెంబుడు చన్నీళ్లు పోస్తే ఉడుకు ఎలా ఆగిపోతుందో, ఇంజెక్టరు తిప్పితే ముల్లు అలాగే వంగుతుంది. మంట ఏమీ ఇవ్వడం లేదనుకుంటే, ఆ 6 టన్నుల్లో 300 లీటర్ల చన్నీళ్లు కలపగానే ఒత్తిడి 220 నుంచి 182కి పడిపోతుంది. ఒక ఇంజెక్టరు నిమిషానికి 150 లీటర్లు పంపితే అదీ రెండు నిమిషాల పనే.

ఈ లెక్కను తిరగేస్తే ఆటలో అన్నిటికన్నా విలువైన కిటుకు దొరుకుతుంది. ఇంజెక్టరు ఆపేస్తే చన్నీళ్లు కాచే పని పోతుంది. అదే మంట, అదే బొగ్గు, ఆవిరి మాత్రం 41 శాతం ఎక్కువ. నిమిషానికి 165 కిలోలిచ్చే బాయిలర్ 230 దాకా ఇస్తుంది. 35 శాతం కటాఫ్‌కు కావలసింది 220 కదా, సరిగ్గా సరిపోతుంది. ముల్లు 220 దగ్గరే నిలబడుతుంది.

ఎంతసేపు? గాజు గొట్టంలో నీళ్లున్నంతసేపు. బాయిలర్‌లో నీటి ఉపరితలం 10 చదరపు మీటర్లుంటే, గొట్టంలో ఒక అంగుళం అంటే లోపల దాదాపు 220 కిలోల వేడినీళ్లు. అంటే నిమిషానికి ఒక అంగుళం. నాలుగు అంగుళాలు చేతిలో ఉంటే నాలుగు నిమిషాలు, 50 కిలోమీటర్ల వేగంలో 3 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆ నాలుగు అంగుళాలను తర్వాత నింపుకోవాలి, అప్పుడు కాచుకోవడానికి పట్టే వేడి 250 కిలోల ఆవిరి తయారీకి పట్టే వేడితో సమానం. ముల్లు మీద 40 పీఎస్‌ఐలో దొరికిన నిల్వ 120 కిలోలే. నాలుగు అంగుళాల నీళ్లలో దానికి రెట్టింపు పైన. ఆటగాళ్లలో చాలామంది కళ్లప్పగించి చూసేది ఆ చిన్న నిల్వనే.

సెటిల్ జంక్షన్ నుంచి బ్లీ మూర్ దాకా సుమారు 15 మైళ్లు, ఎక్కువ భాగం 100కి 1 ఎత్తు. ఇంగ్లిష్ రైల్వేవాళ్లు దీనికి 'లాంగ్ డ్రాగ్' అని పేరు పెట్టుకున్నారు. పెట్టెలు 400 టన్నులు, ఇంజనూ టెండరూ 150 టన్నులు పెట్టుకుంటే 550 టన్నుల బరువును 50 కిలోమీటర్ల వేగంతో ఎక్కించడానికి 1,400 హార్స్‌పవర్ కావాలి. ఎక్కడానికి అరగంట. ఆ అరగంటలో 5,000 లీటర్ల నీళ్లు, 660 కిలోల బొగ్గు. పారకు 6 కిలోలు పడితే 110 పారలు, నిమిషానికి నాలుగు లోపు. టెండరులో 5,000 గాలన్లు, అంటే 22,700 లీటర్లు ఉంటాయి కాబట్టి నీళ్లకు కరువు లేదు. కరువల్లా వాటిని కాచే సమయానికే.

అందుకే ఈ ఎత్తు దాని అడుగున మొదలవదు, అంతకు ముందే మొదలవుతుంది. కొత్తగా వేసిన బొగ్గు పడిన వెంటనే వేడి ఇవ్వదు సరికదా, ముందు తాను వేడెక్కడానికి కొంత లాక్కుంటుంది. అది ఎర్రగా కాలి ఆవిరి రూపంలో లెక్కకొచ్చేసరికి కొన్ని నిమిషాలు పడుతుంది. ముల్లు పడ్డాక వేసిన పార బొగ్గు ఈ నిమిషానికి పనికిరాదు, మరో నాలుగైదు నిమిషాల తర్వాతి నిమిషానికి పనికొస్తుంది. తలుపు తెరిచి ఒకేసారి పది పారలు కుమ్మరిస్తే మంట మీద నల్లటి దుప్పటి కప్పినట్టే, చిమ్నీలోంచి నల్లపొగ, గేజు మీద ముల్లు కిందికి. రెండు మూడు పారలు, తలుపు మూత, మళ్లీ రెండు మూడు పారలు. దక్షిణం నుంచి వచ్చేటప్పుడు సెటిల్ జంక్షన్‌కు సుమారు 5 కిలోమీటర్ల ముందు హెలిఫీల్డ్ వస్తుంది. అక్కడికే మంట నిండుగా ఉండాలి, గొట్టంలో నీళ్లు ముప్పావు వంతు పైన ఉండాలి, ముల్లు 210–215 మధ్య ఉండాలి. 220 తగిలితే సేఫ్టీ వాల్వు తెరుచుకుని, కాచిన నీళ్లు ఆకాశంలో కలుస్తాయి. చూడటానికి బాగుంటుంది. ఖరీదైన అందం.

నీళ్లు మరీ నిండుగా ఉన్నా చిక్కే. ఆవిరితో పాటు నీళ్లు కూడా సిలిండర్లలోకి కొట్టుకుపోతాయి. దాన్ని ప్రైమింగ్ అంటారు. ఓపెన్ రైల్స్ అనే సిమ్యులేటర్‌లో బాయిలర్ నిండిపోయి ప్రైమింగ్ అవుతోందని తెర మీదే సందేశం వస్తుంది. అప్పుడు సిలిండరు కాక్‌లు తెరవడం, రెగ్యులేటరు తగ్గించడం తప్ప దారి లేదు.

ఎత్తు ఎక్కుతుండగా మంటకు గాలి పీల్చేది ఇంజనే. సిలిండర్లలోంచి బయటపడే ఆవిరి చిమ్నీలోకి దూసుకెళుతూ కొలిమిలోని గాలిని తనతో లాక్కుపోతుంది. ఎంత గట్టిగా పని చేస్తే అంత గట్టిగా మంట. కాబట్టి కటాఫ్ పెంచితే బాయిలర్ ఉత్పత్తి కూడా కొంత పెరుగుతుంది, పైన వేసిన లెక్క అక్కడ కాస్త సడలుతుంది. మంట పలచగా ఉంటే మాత్రం ఆ లాగుడుకు బొగ్గు ముక్కలు లేచిపోయి, కొలిమి అడుగు జల్లెడ మీది మంటలో రంధ్రాలు పడి, చల్లగాలి దూరుతుంది. రెగ్యులేటరు మూసిన క్షణం ఈ లాగుడంతా ఆగిపోతుంది. అప్పుడు ఆవిరి చిమ్మి గాలిని లాగే బ్లోయరు తెరవాలి. ఓపెన్ రైల్స్‌లో మామూలుగా దానికి 'ఎన్' కీ, మంట కిందికి గాలి వదిలే డాంపరుకు 'ఎం', రెండు ఇంజెక్టర్లకు 'ఐ', 'ఓ'. ఈ నాలుగు కీల మీద వేళ్లు పెట్టుకుని కూర్చుంటే సగం ఫైర్‌మన్ అయినట్టే.

అసలు ప్రమాదం ఎత్తులో కాదు, ఎత్తు అయిపోయాక ఉంటుంది. ఈ లైన్లో అత్యంత ఎత్తైన చోటు ఏస్ గిల్, 1,169 అడుగులు. అక్కణ్ణుంచి ఉత్తరానికి దిగుడు. ఎక్కుతున్నప్పుడు నీళ్లు బాయిలర్ వెనక వైపుకు, అంటే కొలిమి వైపుకు జరుగుతాయి. గాజు గొట్టం ఉండేది కూడా ఆ వెనకే కాబట్టి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. దిగుడు మొదలవగానే నీళ్లు ముందుకు జారతాయి. 100కి 1 ఎత్తు నుంచి 100కి 1 దిగుడుకు మారితే మొత్తం తేడా 50కి 1. గొట్టం బాయిలర్ మధ్య నుంచి 4 మీటర్ల వెనక ఉందనుకుంటే మట్టం 8 సెంటీమీటర్లు, మూడు అంగుళాల పైన, పడిపోతుంది. ఒక్క చుక్క నీరు ఖర్చు కాకుండానే! దానికి తోడు రెగ్యులేటరు మూయగానే నీటిలోని బుడగలు అణగి మట్టం ఇంకొంచెం కుంగుతుంది. ఎక్కేటప్పుడు నాలుగు అంగుళాలు వాడేసుకుని, మిగిలిన మూడు అంగుళాలు చూసుకుని ధైర్యంగా ఏస్ గిల్ దాటినవాడికి గొట్టం ఖాళీగా కనిపిస్తుంది.

కొలిమి పైకప్పు మీద ఎప్పుడూ నీళ్లుండాలి. ఆ పైకప్పు రాగిది, కింద మంట, పైన 202 డిగ్రీల నీరు దాన్ని చల్లగా ఉంచుతుంది. నీరు పోతే అందులో బిగించిన సీసపు ప్లగ్గు 327 డిగ్రీలకు కరిగి, ఆవిరి కొలిమిలోకి దూకి సిబ్బందిని హెచ్చరిస్తుంది. ఓపెన్ రైల్స్‌లో ఇదే జరిగితే ప్లగ్గు కరిగిపోయిందని సందేశం వస్తుంది, ఆ ఇంజనుతో ఆట ముగిసినట్టే. గేజు అప్పటికీ 200 చూపిస్తూ ఉండొచ్చు. కాబట్టి నీళ్లు అప్పు తీసుకునే కిటుకు వాడేవాళ్లు ఆ అప్పును బ్లీ మూర్ నుంచి ఏస్ గిల్ మధ్య ఎత్తు మెత్తబడే భాగంలోనే తీర్చేయాలి. అక్కడ ఇంజను తిండి తగ్గుతుంది, మంట ఇంకా వేడిగానే ఉంటుంది. రెండు ఇంజెక్టర్లూ తిప్పినా ముల్లు పెద్దగా కదలదు. దిగుడులో రెగ్యులేటరు మూశాక మంట మిగిలి ఒత్తిడి 220 వైపు పరిగెత్తినా అప్పుడూ ఇంజెక్టరే మందు. ఎక్కేటప్పుడు ఇబ్బంది పెట్టిన చన్నీళ్లు ఇక్కడ సేఫ్టీ వాల్వు లేవకుండా కాపాడతాయి.

అన్ని సిమ్యులేటర్లూ ఈ లెక్కను ఒకేలా పట్టించుకోవు. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్‌లోనే ఫ్లయింగ్ స్కాట్స్‌మనూ, సెటిల్–కార్లైల్ లైనూ ఉండేవి. ఆ పాత ఫైళ్లను నడిపే ఉచిత ప్రోగ్రామ్ ఓపెన్ రైల్స్, ఆవిరి లెక్కలను దానికన్నా చాలా లోతుగా చేస్తుంది. చాలా ఆటల్లో ఆటోమేటిక్ ఫైర్‌మన్ ఉంటాడు, మొదట్లో అతన్నే పెట్టుకోవడం మంచిది. అతను బొగ్గు చూసుకుంటుండగా మీరు రివర్సరు ఒక్కటే నేర్చుకోండి. కటాఫ్ 25 దాటకుండా ఎత్తు ఎక్కడం వచ్చాక అతనికి సెలవివ్వండి.

మన దేశపు ఇంజన్లతో ఆడితే ఒక అంకె మార్చుకోవాలి. 1947 నుంచి వచ్చిన డబ్ల్యూపీ తరగతి, ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన ఆ నల్ల ఇంజను, 210 పీఎస్‌ఐతో నడిచేది. బిట్రగుంట, కాజీపేట లాంటి ఊళ్లలో పాత తరానికి దాని కూత ఇంకా గుర్తే. దాని కొలిమి జల్లెడ 46 చదరపు అడుగులు, స్కాట్స్‌మన్‌ది 41 చిల్లర. ఒత్తిడి తక్కువ, జల్లెడ పెద్దది. జల్లెడ పెద్దది కావడానికి కారణం బొగ్గు. మంచి ఇంగ్లిష్ బొగ్గు కిలోకు ఏడెనిమిది కిలోల నీటిని ఆవిరి చేస్తే, బూడిద ఎక్కువుండే, 4,500 కిలోక్యాలరీలిచ్చే మన బొగ్గు నాలుగున్నర కిలోలను చేస్తుంది. నిమిషానికి అదే 165 కిలోల ఆవిరి కావాలంటే 22 కిలోల బొగ్గు బదులు 36 కిలోలు, నాలుగు పారల బదులు ఆరు. డ్రైవరు పక్కన ఇద్దరు ఫైర్‌మన్లు ఉండేది ఇందుకే. కీబోర్డు ముందు మీరు ఒక్కరే కాబట్టి, డబ్ల్యూపీతో ఎత్తు ఎక్కేటప్పుడు కటాఫ్‌ను ఇంకో ఐదు శాతం వెనక్కి తెచ్చుకుని, వేగం 40కి పడితే పడనివ్వండి.